మొదటి టికెట్టు మాత్ర

బస్సు డిపో వెనకాల, టైర్ల గోడౌనుకూ క్యాంటీనుకూ మధ్య ఇరుక్కుని ఉన్న రెండు గదుల ఆసుపత్రికి డాక్టరు వారానికి రెండుసార్లే వస్తాడు. మిగతా రోజుల్లో ఆసుపత్రి అంటే పెద్ద సిస్టరే. ఇరవై నాలుగేళ్లుగా కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, చీవాట్లు పెట్టడం అన్నీ ఆవిడ చేతుల మీదుగానే నడుస్తున్నాయి. మొదటి రెండిటికీ సరుకు నిండుకున్న రోజులున్నాయి గానీ మూడోదానికి ఎన్నడూ కొరత రాలేదని డ్రైవర్లు నవ్వుకుంటారు. అయినా ఒంట్లో ఏ కాస్త నలతగా ఉన్నా ఇంకో గుమ్మం తొక్కరు.

ఆ గురువారం మధ్యాహ్నం డ్యూటీకి గంట ముందే కండక్టరమ్మ వచ్చింది. భుజాన తోలు సంచీ, మెడలో టికెట్ల యంత్రం. ఏడు నెలల పిల్లాణ్ణి అప్పుడే అత్త చేతుల్లో పెట్టి వచ్చినట్టుంది, ఖాకీ చొక్కా భుజం మీద పాల మరక ఇంకా ఆరలేదు.

“మళ్లీ కనిపించింది సిస్టరమ్మా,” అంది గొంతు తగ్గించి.

“కూర్చో. ఎప్పటినుంచి?”

“నిన్నటినుంచి. ఎక్కువేం కాదు, మరకే. పదిహేను రోజుల కిందటా ఇంతే, అంతకు పదిహేను రోజుల ముందూ ఇంతే. చుట్టం చూపుకి వచ్చినట్టు వచ్చి, రెండు రోజులుండి పోతోంది.”

“వాంతులు?”

“ఆ మాట అనకండి. మీకు దణ్ణం పెడతాను.”

పెద్ద సిస్టరు ఒక సీసా చేతికిచ్చి పక్క గదిలోకి పంపింది. తిరిగి వచ్చాక పరీక్ష పట్టీ మీద మూడు చుక్కలు వేసింది. ఇద్దరూ బల్లకి చెరో వైపు నిలబడి దాన్నే చూశారు. కండక్టరమ్మ తోలు సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

“ఒకటే గీత. ఏమీ లేదు,” అంది సిస్టరు ఐదు నిమిషాలు దాటాక.

కండక్టరమ్మ సంచీ పట్టీని వేలి మీంచి వదిలేసింది. “బుధవారం నుంచి డ్రైవింగు ట్రైనింగమ్మా. ఎనిమిది మందిని తీసుకున్నారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు కడుపని తేలితే వచ్చే ఏడు చూద్దాంలే అంటారు. వాళ్ల వచ్చే ఏడు సంగతి మీకు తెలియనిదా!”

“అంత అవసరం ఉన్నదానివి కడుపు రాకుండా ఇచ్చిన మాత్రలు మరిచిపోవడం దేనికి?”

“మరిచిపోవడమా? ఒక్కరోజు కూడా మానలేదు.”

“చూడు అమ్మాయ్. ఆ మందు ఒంట్లో తగ్గినప్పుడే ఇలా మరక కనిపిస్తుంది. మాత్ర పడకపోతేనే మందు తగ్గుతుంది. నేను ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్నాను. మానేశానని నోటితో ఒప్పుకున్నది ఇంతవరకు ఒక్కతీ లేదు.”

“మా ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మరిచిపోతాడు. మా అత్త కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. మా ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న జ్ఞాపకం నాదొక్కటే. నన్ను పట్టుకుని మరుపంటారా?”

“నోరు గుర్తున్నంత బాగా మాత్రలు గుర్తుంటే బాగుండును,” అని సిస్టరు కార్డు ముందుకు లాక్కుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘మరుపు ఎక్కువ. మాత్రలు సరిగా వేసుకోదు.’ తర్వాత ఒక మాత్రల పట్టీ తీసి, తను ఖాళీగా ఉన్నప్పుడు మడిచి పెట్టుకున్న కాగితం కవరులో వేసి ఇచ్చింది. మందులు పెట్టెలతో సహా పెడితే బీరువా పట్టదు. అందుకని పెట్టెలు రాగానే విప్పి, అట్టలూ కాగితాలూ క్యాంటీను పొయ్యికి పంపి, పట్టీలు మాత్రం వరసగా పేర్చుకోవడం ఆవిడ పద్ధతి. ఆ బీరువా చూసి మెచ్చుకోని డాక్టరు లేడు.

“డ్యూటీ ఎక్కగానే, మొదటి టికెట్టుతో పాటు మాత్ర. గుర్తుందా?”

“చిలక్కి చెప్పినట్టు చెప్పారుగా. గుర్తుంది,” అంటూ కండక్టరమ్మ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

మొదటి టికెట్టుతో పాటు మాత్ర. ఆ మాట పెద్ద సిస్టరు సొంతం. పనిలో చేరిన కొత్తలో డిపో ఆడవాళ్లు ఇంట్లో హడావిడిలో పడి మాత్రలు మరిచిపోతుంటే, ఇంటి పనికి కాదు, డిపో పనికి ముడిపెట్టాలని ఆవిడకే తోచింది. కండక్టర్లకి మొదటి టికెట్టు, బస్సులు కడిగేవాళ్లకి మొదటి బకెట్టు. అప్పటినుంచి పొరపాట్లు సగానికి సగం తగ్గాయి. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

శుక్రవారం డాక్టరు వచ్చాడు. మనిషి చిన్నవాడు, మంచివాడు, కాకపోతే ఎప్పుడూ ఇంకో చోటికి ఆలస్యమవుతున్నవాడిలా ఉంటాడు. ట్రైనింగుకి వెళ్లేవాళ్ల ఫిట్‌నెస్ ఫారాలు ఎనిమిదీ ముందేసుకుని ఒక్కొక్కటీ సంతకం పెడుతూ ఎనిమిదో దాని దగ్గర ఆగాడు. ఫారానికి గుచ్చి ఉన్న కార్డు పైకెత్తి చదివాడు.

“మరుపు ఎక్కువ... ఇది మీరే రాశారా సిస్టర్?”

“నేనేనండీ. అది మాత్రల సంగతి. బండి సంగతి కాదు.”

“మాత్రల మరుపు వేరు, బండి మరుపు వేరు అని కార్డులో లేదు కదా. నలభై మందిని వెనకాల కూర్చోబెట్టుకుని తోలే మనిషి. మరుపని రాసుండగా నేను సంతకం పెడితే, రేపు ఏదైనా జరిగిన రోజున నా మెడకి చుట్టుకుంటుంది.” ఆ ఫారం విడిగా తీసి పక్కన పెట్టాడు. “సోమవారం సాయంత్రంలోగా మేనేజరుకి పంపాలి. అప్పటికి చూద్దాం. లేకపోతే ఏడుగురే వెళతారు.”

పెద్ద సిస్టరు మిగతా ఏడు ఫారాలూ సర్ది పెట్టింది. రాసింది నిజమేననే అనుకుంది. అయినా ఆ పూటంతా పక్కన పెట్టిన ఆ ఫారం వైపే చూపు పోయింది.

మధ్యాహ్నం డ్యూటీకి ముందు ఫారం కోసం వచ్చిన కండక్టరమ్మకి ఆ సంగతి చెప్పక తప్పలేదు. ఏడుస్తుందనుకుంది సిస్టరు. ఏడవలేదు. తోలు సంచీ తెరిచి, అడుగునుంచి ఇనప తీగకి గుచ్చిన కాగితం ముక్కల దండ ఒకటి లాగి బల్ల మీద పడేసింది.

“ఏమిటిది?”

“డ్యూటీ ఎక్కి యంత్రం నొక్కగానే ముందు ఒక ఖాళీ టికెట్టు కొడతామమ్మా, అచ్చు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి. దాన్ని అందరూ పారేస్తారు. నేను మాత్ర నోట్లో వేసుకుని, దాని వెనకాల టిక్కు పెట్టి తీగకి గుచ్చుతాను. సెలవు రోజున ఆ వారం డ్యూటీ వేళకే వేసుకుని, క్యాలెండరు ముక్క మీద రాసి గుచ్చుతాను. ప్రసవం తర్వాత డ్యూటీలో చేరినప్పటినుంచి ఇప్పటిదాకా ఉన్నాయి. లెక్కపెట్టుకోండి. ఒక్క రోజు తక్కువైతే నా సంచీ, యంత్రం రెండూ మీ బల్ల మీద పెట్టి ఇంటికి పోతాను.”

“ఇవన్నీ దాచడం దేనికే?”

“మీరు నమ్మరని తెలుసు కనక,” అంది కండక్టరమ్మ. బయట డ్రైవరు హారను కొట్టాడు. “వస్తున్నా బాబాయ్! బస్సేమీ అలిగి పోదులే!” అని అరుస్తూ మెట్లు దిగిపోయింది.

శనివారం ఒంటిపూట. భోజనాలయ్యాక పెద్ద సిస్టరు ఆ తీగ పట్టుకుని ఇంట్లో ముందు గదిలోకి వచ్చింది. ఆవిడ భర్త దర్జీ. బట్టలు కత్తిరించే పెద్ద బల్ల, దాని మీద సుద్దముక్క, టేపు.

“ఏమండీ, బల్ల కాసేపు ఖాళీ చేస్తారా?”

“ఎవరికి కుట్టాలి? కొలతలు ఏవి?” అన్నాడాయన కాగితం ముక్కలు చూసి.

“ఒక అమ్మాయి అబద్ధాన్ని కొలవాలి.”

ముక్కలన్నీ తీగనుంచి తీసి, తేదీల వరసన పేర్చడం మొదలుపెట్టింది. వారానికి ఒక వరస. ఆయన కూడా మిషను ఆపి వచ్చి, రెక్కలు తిరుగుతున్న ఫ్యాను కట్టేసి, ఎగరకుండా వరసకొక బొత్తం బరువు పెట్టాడు. బల్ల నిండింది. నూట పద్దెనిమిది రోజులు. నూట పద్దెనిమిది ముక్కలు. అన్నిటి వెనకా టిక్కు. కొన్ని చెమటకి మెత్తబడ్డాయి, కొన్నిటి మీద పిల్లాడు నమిలిన గుర్తులున్నాయి.

“అబద్ధం పొడవెంత తేలింది?” అన్నాడు భర్త.

ఆవిడ వరసలు ఇంకోసారి లెక్కపెట్టింది. మనిషిని నమ్మడం సులువే. కానీ మరక కూడా అబద్ధం కాదే! మందు తగ్గకుండా మరకెందుకు వస్తుంది? ముక్కలు తిరగేసి మళ్లీ మొదటినుంచి చూసింది. అచ్చు వైపు తేదీ పక్కనే వేళ కూడా పడి ఉంది. ఐదూ ముప్ఫై ఒకటి. ఐదూ ఇరవై తొమ్మిది. ఐదున్నర. ఒక వరసంతా అంతే. దాని కింది వరస: ఒకటీ ముప్ఫై రెండు, ఒకటిన్నర, ఒకటీ ఇరవై ఎనిమిది. ఆ కింది వరస మళ్లీ ఐదున్నరలు. ఒక వారం ఉదయం డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ.

సిస్టరు తన నోటుబుక్కు తెచ్చి కండక్టరమ్మ మరకలని చెప్పిన తేదీలు చూసింది. వాటి మీద సుద్దముక్కతో చిన్న చుక్కలు పెట్టింది. చుక్కలన్నీ మధ్యాహ్నం వరసల్లోనే పడ్డాయి. సోమవారం డ్యూటీ మారితే, బుధవారమో గురువారమో చుక్క. ఉదయం వరసల్లో ఒక్కటీ లేదు.

“ఆదివారం పొద్దున్న ఐదున్నరకి ఒక మాత్ర,” అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు. “తర్వాతది సోమవారం మధ్యాహ్నం ఒకటిన్నరకి. మధ్యలో ముప్ఫై రెండు గంటలు.”

“రోజుకొకటి వేసుకున్నట్టే కదా?”

“పాత మాత్రలకైతే అంతేనండీ. వాటికి పూట అటూ ఇటూ అయినా ఏం కాదు.” అక్కడ ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఇస్తున్నవి పాతవి కావు. ఎనిమిది నెలల కిందట పైనుంచి కొత్తరకం వచ్చాయి. పాలిచ్చే తల్లులకి ఇవి ఇవ్వండి అని డాక్టరు ఒక్క మాట చెప్పి వెళ్లాడు. ఆవిడ పెట్టెలు విప్పింది, కాగితాలు పొయ్యికి పంపింది, పట్టీలు బీరువాలో పేర్చింది.

బీరువా పైన అటక మీద ఇంకా విప్పని పెట్టె ఒకటుందని గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున్న తాళంచెవీ, భర్త సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దమూ పట్టుకుని డిపోకి వెళ్లింది. పెట్టె దింపి విప్పి, మాత్రల మధ్య ఎనిమిది మడతలు పెట్టి ఉన్న కాగితం బయటికి తీసి, ఎండ బాగా పడుతున్న మెట్టు మీద కూర్చుంది. చీమతల అంత అక్షరాలు. పాత మాత్రల్లో రెండు మందులుంటాయి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్. రెండూ కలిసి అండాశయాన్ని నిద్రపుచ్చుతాయి, ఒక పూట ఆలస్యానికి అది లేవదు. ఈ కొత్త మాత్రలో ప్రొజెస్టిన్ ఒక్కటే, అదీ చాలా కొద్దిగా. పాలు తగ్గిపోకుండా ఉండాలని ఈస్ట్రోజెన్ తీసేశారు. ఈ కొద్దిపాటి మందు ముఖ్యంగా చేసే పని గర్భాశయం ముఖద్వారంలో ఉండే జిగురును చిక్కబరచడం. ఆ చిక్కదనం నిలిచేది దాదాపు ఒక రోజు. ‘ప్రతిరోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మూడు గంటలు దాటితే మాత్ర తప్పినట్టే లెక్క. తర్వాతి రెండు రోజులు వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి.’

ఆ వాక్యం కింద గీత కూడా ఉంది. ముందే, అచ్చులోనే. ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. ఆ పిల్ల మాత్ర మరవలేదు. తను చెప్పినట్టు, తను చెప్పిన వేళకి, టిక్కు పెట్టి మరీ మింగింది. అలా మింగబట్టే పక్షానికోసారి తలుపు తెరుచుకుని ఉండిపోయింది.

ఇంటికి వచ్చి భర్తకి చెప్పింది. ఆయన చాలాసేపు టేపు చుట్టుకుంటూ విన్నాడు.

“ఇకనుంచి సరిగా చెప్పు. కార్డులో ఆ మాట కొట్టెయ్యి. ఎవరికి తెలుస్తుంది?”

“తేడాగా కుట్టిన చొక్కా తిరిగొస్తే, తొడుక్కున్నవాడి ఒళ్లే వంకరని మీరెప్పుడైనా అన్నారా?”

“లేదు.”

“నేను అన్నాను,” అంది పెద్ద సిస్టరు. టీ పెట్టడానికి లేచింది.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి కొత్త మాత్రలు వాడుతున్న పదకొండు మంది కార్డులూ బయటికి తీసింది. అందరూ డ్యూటీలు మారేవాళ్లే. మూడింటి మీద తన గుండ్రటి అక్షరాలతో ‘మరుపు’ అనే మాట ఉంది. అందులో ఒకటి బస్సులు కడిగే ఆవిడది. ఆ మనిషికి ఇప్పుడు అయిదో నెల, మూడో కాన్పు. కడుపని తేలిన రోజున వరండాలో పది మంది ముందు, “పిల్లలు వద్దంటూనే మాత్రలు ఎగ్గొడితే నేనేం చెయ్యను, తల్లీ?” అని కేక వేసిన సంగతి సిస్టరుకి బాగానే గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ ఈ మెట్లు ఎక్కలేదు. ఊళ్లో పెద్దాసుపత్రికి పోయి క్యూలో నిలబడుతోందని ఎవరో అన్నారు.

డాక్టరు రాగానే కండక్టరమ్మ కార్డు ఆయన ముందు పెట్టింది. పాత మాట మీద గీత కొట్టి ఉంది. కింద కొత్తగా రాసి ఉంది: ‘పైన రాసినది తప్పు. ఈమె ఒక్క మాత్ర కూడా మరవలేదు. ఏ వేళకు వేసుకోవాలో నేను చెప్పిన సలహా తప్పు.’ దాని కింద సంతకం.

డాక్టరు కాగితమూ తీగకి గుచ్చిన ముక్కలూ చూశాడు. “కొట్టేసి పొట్టి సంతకం పెడితే సరిపోయేది కదా సిస్టర్? రెండేళ్లలో రిటైరవుతారు. ఇది మేనేజరు చూస్తాడు.”

“చూడనివ్వండి. ఆ మాట రాసినప్పుడు పెద్ద అక్షరాలతోనే రాశాను కదా.”

ఆయన పెన్ను మూత తీశాడు. “నేనూ చదవలేదండీ ఈ కాగితం. ఇవ్వండని చెప్పి వెళ్లిపోయాను,” అన్నాడు. ఆవిడ సంతకం కిందే తన సంతకమూ పెట్టాడు. ఆ తర్వాత ఎనిమిదో ఫారం మీద పెట్టాడు. ఆ రోజు ఆయనకి ఎక్కడికీ ఆలస్యమవుతున్నట్టు కనిపించలేదు. మిగిలిన పెట్టెలు కూడా విప్పించి కూర్చుని చదివాడు.

ఒకటిన్నరకి ఆడవాళ్ల విశ్రాంతి గదిలో రెండు డ్యూటీల వాళ్లూ కలుస్తారు. దిగినవాళ్లు జడలు విప్పుకుంటూ, ఎక్కేవాళ్లు జడలు వేసుకుంటూ, గది సంతలా ఉంటుంది. పెద్ద సిస్టరు లోపలికి అడుగు పెట్టగానే గోల సద్దుమణిగింది. ఆవిడ ఎప్పుడూ అక్కడికి రాదు, వాళ్లనే రప్పించుకుంటుంది.

“ఎవరికి సూది సిస్టరమ్మా?” అంది ఒకామె.

“నాకే,” అంది సిస్టరు. గోడకి ఆనుకుని ఉన్న బెంచీ మీద కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, మెట్టు మీద చదివినదంతా చెప్పింది. పాత మాత్ర ఏం చేస్తుందో, కొత్తది ఏం చేస్తుందో, మూడు గంటల సంగతేమిటో. ఎక్కడా తడుముకోలేదు. చివర మాత్రం నీళ్లు అడిగి తాగి అంది: “మొదటి టికెట్టుతో పాటు అని మీకు చెప్పింది నేను. ఈ కొత్త మాత్రకి అది పనికిరాదు. కాగితం చదవకుండా చెప్పాను.” అని ఫారం తీసి కండక్టరమ్మ చేతిలో పెట్టింది. “సంతకమైంది. కార్డులో ఆ మాట కూడా కొట్టేశాను. ఇంకో రెండు వారాలకి మరోసారి పరీక్ష చేద్దాం, నా మనశ్శాంతి కోసం.”

కండక్టరమ్మ ఫారం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “నా ముక్కలు?”

“ఇవిగో. ఒక్కటీ తక్కువ కాలేదు.”

“తక్కువైతే ఊరుకుంటానా?” అంది. తీగ తీసుకుని సంచీ అడుగున పెట్టుకుంది.

మూలనుంచి బస్సులు కడిగే ఆవిడ లేచింది. తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ నాలుగడుగులు ముందుకొచ్చింది.

“నా కార్డు?”

“నీదీ కొట్టేశానమ్మా. పొద్దున్నే.”

“కార్డు నేను చదువుకోలేను. వరండాలో అన్నది మాత్రం విన్నాను. మా అత్త విన్నది, మా ఆయన విన్నాడు. నిర్లక్ష్యం మనిషినని ఇప్పటికీ ఇంట్లో అంటారు. పుట్టబోయే బిడ్డ మీద నాకేం బాధ లేదు, వస్తోంది, పెంచుకుంటాం. ఆ మాట ఉంది చూశారూ, అది మాత్రం ఇంకా నా నెత్తి మీదే ఉంది.”

పెద్ద సిస్టరు బెంచీ మీంచి లేచింది. “పదండి,” అని వరండాలోకి నడిచింది. క్యాంటీను దగ్గర డ్రైవర్లు టీ తాగుతున్నారు, మెకానిక్కులు ఉన్నారు, బస్సులు కడిగే ఆవిడ భర్త టైరు దొర్లిస్తూ ఆగాడు. అన్నాళ్లూ చీవాట్లకి అలవాటైన ఆ గొంతుతోనే, అంత గట్టిగానూ అంది: “ఈ అమ్మాయి మాత్రలు ఎగ్గొట్టలేదు. నేను చెప్పినట్టే వేసుకుంది. తప్పు నాది.”

ఒకరిద్దరు డ్రైవర్లు గ్లాసులు దించారు. టైరు దొర్లించేవాడు భార్య వైపు చూసి, తల గోక్కున్నాడు. ఆవిడ అతని వంక చూడను కూడా చూడలేదు. సిస్టరు పక్కకి వచ్చి, “చాల్లెండి. లోపలికి రండి, ఎండగా ఉంది. రేపు మీ దగ్గరికే వస్తాను, కాళ్లు వాస్తున్నాయి,” అంది.

లోపల అప్పటికే గోల మళ్లీ మొదలైంది. “అయిందేదో అయింది, మరి ఇప్పుడు ఎన్నింటికి వేసుకోవాలో అది చెప్పండి,” అంది జడ వేసుకుంటున్న ఆమె. “నా బస్సు కదిలిపోతోంది.”

పెద్ద సిస్టరు పుస్తకం తెరిచి, పెన్ను తీసి, ఏదో చెప్పబోయి ఆగింది.

“మీరే చెప్పండి. ఉదయం డ్యూటీ అయినా, మధ్యాహ్నం డ్యూటీ అయినా, సెలవైనా, మీకు కుదిరే వేళ ఏది?”

ఒకరు రాత్రి ఎనిమిది అన్నారు, పిల్లలకి అన్నం పెట్టే వేళ అని. ఇంకొకరు పదకొండు అన్నారు, ఎక్కడున్నా టీ తాగే వేళ అని. మరొకామె తన మొగుడికి ఆరింటికి ఫోను చేసే అలవాటుంది, అది మాత్రం చచ్చినా మానడు అనగానే అందరూ నవ్వారు. సిస్టరు ఎవరి వేళ వాళ్ల పేరు ఎదురుగా రాస్తూ పోయింది.

“నీకు సాయంత్రం ఆరు రాయనా?” అంది కండక్టరమ్మతో. “ఉదయం డ్యూటీలో ఇంట్లో ఉంటావు, మధ్యాహ్నం డ్యూటీలో బస్సులో ఉంటావు.”

“బాగా చెప్పారు. బండి తోలుతూ స్టీరింగు వదిలేసి మాత్రలు మింగమంటారా? వెనక నలభై మంది ఉంటారు.” కండక్టరమ్మ ఫారం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంది. “తెల్లారి నాలుగున్నర రాయండి. డ్యూటీ ఏదైనా మా వాడు ఆ వేళకి పాలకి లేపుతాడు.”

సిస్టరు నాలుగున్నర అని రాసింది.